స్కానింగ్ కోర్సులో చేరిన పిల్లలకు పని నేర్పేది ఎవరు?

ఇంటర్ ఫలితాలు వచ్చాక అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో బైపీసీ చదివిన పిల్లలున్న ఇళ్లలో ఒక చర్చ తప్పకుండా నడుస్తుంది. నీట్‌లో ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్‌కు మరో ఏడాది పెట్టాలంటే డబ్బు చాలదు. ‘పోనీ స్కానింగ్ కోర్సులో వేద్దామా?’ అని ఎవరో బంధువు అంటాడు. ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, గల్ఫ్‌కూ వెళ్లొచ్చు అని ఇంకొకరు వంత పాడతారు. ఫీజు ఎంత, హాస్టలుందా, రీయింబర్స్‌మెంట్ వస్తుందా అని కనుక్కుని చేర్పించేస్తారు. ఆసుపత్రిలో ఆ పిల్లల పక్కన నిలబడి పని నేర్పేది ఎవరు, ఎన్ని నెలలు నేర్పుతారు అని అడిగేవాళ్లు తక్కువ. ఈ చదువులో ముందుగా అడగాల్సింది అదే. ఎందుకో కాస్త వివరంగా చెప్పుకుందాం.

మనం వాడుకలో ‘స్కానింగ్ కోర్సు’ అనేది నిజానికి రెండు వేర్వేరు వృత్తులకు దారి. ఒకటి ఇమేజింగ్. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ, మామోగ్రఫీ వంటివి తీసే పని. రెండోది రేడియోథెరపీ. క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఇచ్చే పని. రెండింటికీ పుట్టిల్లు ఒక్కటే. 1895 నవంబరు 8న జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ తన ప్రయోగశాలలో ఎక్స్‌రేలను గుర్తిస్తే, మరుసటి ఏడాదికే డాక్టర్లు వాటితో విరిగిన ఎముకలు చూశారు, క్యాన్సర్ గడ్డల మీదా ప్రయోగించారు. మన దగ్గర ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా చేయవచ్చు. ఇమేజింగ్ డిప్లొమాను డీఎంఐటీ అంటారు. డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో బీఎస్సీ చేయవచ్చు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. జనం స్కానింగ్ అనగానే గుర్తుచేసుకునే గర్భిణుల అల్ట్రాసౌండ్ మాత్రం ఈ కోర్సు చదివినవారి పని కాదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ప్రకారం దాన్ని అర్హత ఉన్న డాక్టర్లే చేయాలి. చేరే ముందే ఈ సంగతి తెలిసి ఉండాలి.

బొమ్మ చూసి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. రేడియేషన్ ఎంత, ఎక్కడ ఇవ్వాలో నిర్ణయించేది రేడియేషన్ ఆంకాలజిస్టు. ఆ మోతాదును లెక్కకట్టి, యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో సరిచూసేది మెడికల్ ఫిజిసిస్టు. వీళ్లందరి నిర్ణయాల్నీ రోగి ఒంటి మీద అమలు చేసేది టెక్నాలజిస్టు. రోగిని బల్ల మీద సర్దేదీ, ‘ఊపిరి బిగబట్టండి’ అని చెప్పేదీ, తప్పు జరిగితే అందరికంటే ముందు చూడగలిగేదీ ఆ మనిషే. అంత పనికి పుస్తకం ఎంతవరకు సాయపడుతుందో మన కోనసీమలోనే ఎదురయ్యే ఒక సందర్భంతో చూద్దాం.

కొబ్బరి దింపు తీసే కార్మికుడు చెట్టు మీంచి జారి కాళ్ల మీద పడ్డాడు. ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. మడమ నొప్పి భరించలేకపోతున్నాడు. డాక్టరు చీటీ మీద మడమకూ నడుముకూ ఎక్స్‌రే రాశారు. నడుముకు రెండు ఫిల్ములు తీయాలని పుస్తకం చెబుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఒకటి, పక్కకు తిప్పి ఇంకొకటి. అయితే ఈ రోగిని పక్కకు తిప్పవచ్చా? ఎత్తు నుంచి కాళ్ల మీద పడినప్పుడు దెబ్బ మడమ దగ్గరే ఆగిపోదు. ఆ అదురు కాళ్ల గుండా పైకెక్కి నడుము వెన్నుపూసను నలగ్గొట్టవచ్చు. మడమ విరిగినవారికి నడుము కూడా చూడాలని ఎముకల డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. మడమ నొప్పి మరీ ఎక్కువగా ఉంటే రోగి నడుము నొప్పి సంగతే చెప్పకపోవచ్చు. వెన్నుపూస అప్పటికే చితికి ఉంటే, తొందరపడి తిప్పినందువల్ల వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది.

ఇక్కడ రోగిని కదపకుండా ఎక్స్‌రే ట్యూబును కదపాలి. ట్యూబును అడ్డంగా తిప్పి, కిరణం బల్లకు సమాంతరంగా వెళ్లేలా సర్ది, ప్లేటును రోగికి అవతలి పక్కన నిలబెట్టి తీయాలి. స్ట్రెచర్ మీంచి బల్ల మీదికి మార్చేటప్పుడు తల పట్టుకున్న మనిషి మాట మీద నలుగురూ ఒకేసారి, మెడా నడుమూ ఒకే వరుసలో ఉండేలా ఎత్తాలి. ట్యూబు అడ్డంగా తిరిగిన క్షణం నుంచి ఇంకో లెక్క మొదలవుతుంది. కిరణం ఇప్పుడు నేల వైపు కాక గోడ వైపు పోతోంది. ఆ దారిలో రోగి తమ్ముడు నిలబడ్డాడా? తలుపు మూశారా? ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. కానీ రోగి అరుస్తుంటే, బంధువులు గదిలోకి తోసుకొస్తుంటే, బయట ఇంకో పదిమంది చీటీలు పట్టుకుని ఎదురుచూస్తుంటే ఇవన్నీ వరసలో గుర్తు రావడం వేరే విద్య. ఒకసారి సీనియర్ టెక్నీషియన్ చేస్తుండగా చూడాలి. తర్వాత ఆయనకు సాయం పట్టాలి. ఆపైన ఆయన చూస్తుండగా తాను చేయాలి. అప్పటికి గాని ఆ విద్య ఒంటబట్టదు.

వైద్య విద్యను పరిశీలించినవారు దీన్ని ఎప్పుడో గుర్తించారు. అమెరికాకు చెందిన జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు మెట్లు చెప్పాడు. విషయం తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపగలగడం, ఎవరూ పరీక్ష పెట్టకపోయినా రోజువారీ పనిలో అలాగే చేయడం. మన పరీక్షల్లో థియరీ పేపర్లు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగుతాయి. ప్రాక్టికల్స్ మూడో మెట్టును కొంత తాకుతాయి. నాలుగో మెట్టు ఎక్కించగలిగేది ఆసుపత్రి పోస్టింగు మాత్రమే.

పోస్టింగులో లాగ్‌బుక్ అని ఒకటి ఉంటుంది. ఏ రోజు ఏ పరీక్ష తీశారో విద్యార్థి రాసుకోవాలి, పర్యవేక్షకులు సంతకం పెట్టాలి. సంఖ్య నిండితే చాలనుకునే చోట ఆ పుస్తకానికి విలువ లేదు. చెప్పిన మాట వినే యాభై మంది పెద్దవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీసిన అనుభవం, ఆయాసంతో కూర్చోలేని ముసలాయనకు తీయడానికి పనికిరాదు. గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లకు తీయడానికి అసలే పనికిరాదు. ఎన్ని తీశారన్న దానితోపాటు ఎలాంటి రోగులకు తీశారు, ఎన్నిటిని మళ్లీ తీయాల్సి వచ్చింది, ఎందుకు అన్నవీ రాయించే పర్యవేక్షకుడు దొరికితే ఆ విద్యార్థి అదృష్టవంతుడు.

మళ్లీ తీయాల్సి రావడానికి కారణాలు చాలా మామూలుగా ఉంటాయి. మన ఆడవాళ్ల మెడలో మంగళసూత్రం, నల్లపూసలు, వాటికి తగిలించిన రెండు మూడు పిన్నీసులు ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రేలో అవన్నీ ఊపిరితిత్తుల మీద తెల్లగా పడతాయి. సరిగ్గా ఆ పిన్నీసు వెనకే చిన్న మచ్చ ఉంటే కనబడదు. ‘అవన్నీ తీసెయ్’ అని గట్టిగా కేకేస్తే ఆవిడ బెదిరిపోతుంది, సగం తీసి సగం జాకెట్టులోకి దోపుకుంటుంది. ‘అమ్మా, గొలుసు అడ్డం వస్తే లోపలి జబ్బు కనపడదు. పసుపుతాడు ఉంచుకోండి, లోహం ఉన్నవి మాత్రం తీసి మీవాళ్ల చేతికివ్వండి, అయిపోగానే వేసుకుందురు గాని’ అంటే తీస్తుంది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి అర నిమిషం చాలు. మొలతాడుకు కట్టిన తాయెత్తు సంగతీ ఇంతే. నడుము ఎక్స్‌రేలో అది సరిగ్గా ఎముక మీద కూర్చుంటుంది.

ఎంఆర్ఐ గదిలో ఈ లోహం ప్రాణాల మీదికే తెస్తుంది. అక్కడ ఎక్స్‌రేలు లేవు కానీ మామూలుగా వాడే 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు బలమైంది. స్కానింగ్ లేనప్పుడు కూడా ఆ శక్తి అలాగే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో రోగికి తోడొచ్చిన బంధువు ఒకరు ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లి, యంత్రం సిలిండర్‌ను లాగేయడంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. గది గుమ్మం దగ్గర ఎవర్ని ఆపాలి, ఎంత గట్టిగా ఆపాలి అన్నది కొత్త విద్యార్థికి మొదటి రోజే నేర్పాలి. పెద్ద డాక్టరు వచ్చినా ‘సార్, జేబులో ఏమున్నాయి?’ అని అడిగే ధైర్యం కూడా శిక్షణలో భాగమే.

అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇంకొకటి ఉంది. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీకి పొట్ట, నడుము భాగాల్లో ఎక్స్‌రే గాని సీటీ గాని తీసే ముందు గర్భం ఉందేమో అడగాలి. పక్కన అత్తగారో మామగారో ఉండగా అడిగితే నిజం చెప్పకపోవచ్చు. పెళ్లికాని అమ్మాయైతే అసలు చెప్పదు. తోడొచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, వీలైతే ఆడ సిబ్బంది చేత, ‘చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?’ అని అడిగించాలి. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఈ మాట నోట రావడం కష్టం. ఎవరైనా ముందుండి అడిగి చూపిస్తేనే వస్తుంది.

రోగి భద్రత ఒకటైతే, విద్యార్థి భద్రత ఇంకొకటి. ఒక ఛాతీ ఎక్స్‌రేతో ఒంట్లోకి చేరే మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్టు. ప్రకృతి నుంచే ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టు వస్తుంది. కాబట్టి ఒక ఎక్స్‌రేకు భయపడాల్సింది లేదు. పొట్ట సీటీ మాత్రం సుమారు 8 నుంచి 10 దాకా పోతుంది, అంటే కొన్ని వందల ఛాతీ ఎక్స్‌రేలకు సమానం. రోగి ఎప్పుడో ఒకసారి వస్తాడు. విద్యార్థి రోజూ ఆ గదుల్లోనే తిరుగుతాడు. అందుకే మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి, అంటే 1983లో ఏర్పడిన ఏఈఆర్‌బీ, పరిమితులు పెట్టింది. రేడియేషన్‌తో పనిచేసేవారికి ఐదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. 18 ఏళ్లు నిండనివారిని ఈ పనికి ఉద్యోగులుగా తీసుకోకూడదు. 16 నిండినవారు శిక్షణలో ఉండవచ్చు కానీ వాళ్ల పరిమితి ఏడాదికి 6 మాత్రమే. ఇంటర్ కాగానే పదిహేడేళ్లకే చేరే పిల్లలు ఈ తక్కువ పరిమితి కిందికే వస్తారు.

ఒంటికి ఎంత తగిలిందో కొలిచేది టీఎల్‌డీ బ్యాడ్జి. దాన్ని ఛాతీ దగ్గర, సీసం ఏప్రాన్ వేసుకుంటే దాని లోపల పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి లెక్క తీయడానికి పంపుతారు. కొలిచినంత మాత్రాన అది కాపాడదు. కాపాడేవి గదిలో గడిపే సమయం తగ్గించుకోవడం, మధ్యలో అడ్డు ఉంచుకోవడం, దూరం జరగడం. దూరం రెట్టింపైతే తగిలేది నాలుగో వంతుకు పడిపోతుంది. ఏడుస్తున్న పిల్లాడిని ఎక్స్‌రే బల్ల మీద పట్టుకోమని విద్యార్థిని పురమాయించడం తప్పు. తప్పనిసరైతే ఏప్రాన్ కట్టి తల్లినో తండ్రినో పట్టుకోమనాలి. వాళ్లకు అది ఒక్కసారి, విద్యార్థికి ప్రతిరోజూ అవుతుంది.

కాబట్టి చేర్పించే ముందు తల్లిదండ్రులు కాలేజీవాళ్లను నిస్సంకోచంగా అడగాలి. మా అమ్మాయికి సొంత బ్యాడ్జి ఇస్తారా, దాని రిపోర్టు చూపిస్తారా? పోస్టింగు ఏ ఆసుపత్రిలో, రోజుకు ఎన్ని గంటలు? అక్కడ ఏ యంత్రాలున్నాయి, వాటికి ఏఈఆర్‌బీ లైసెన్సు ఉందా, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు ఎవరు? ఒక షిఫ్టులో ఒక సీనియర్ వెంట ఎంతమంది పిల్లలుంటారు? వీలైతే ఆ ఆసుపత్రికి వెళ్లి ఒక గంట కూర్చుని చూడాలి. సీనియర్ ఎవరూ లేకుండా మొదటి ఏడాది పిల్లలే ఎక్స్‌రేలు తీసేస్తుంటే దాన్ని అనుభవం అనుకుని సంతోషించకండి. అది జీతం లేని కొలువు. పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఇమేజింగ్, రేడియోథెరపీ వృత్తులు రెండూ దాని పరిధిలోకి వచ్చాయి. అనుబంధ ఆరోగ్య వృత్తి అర్హతకు కనీసం 2,000 గంటలు, ఆపై స్థాయి ఆరోగ్య వృత్తి నిపుణుల అర్హతకు కనీసం 3,600 గంటల చదువు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఆ గంటల్లో రోగి పక్కన గడిచేవి ఎన్నో అడిగే హక్కు ఫీజు కట్టేవారికి ఉంది.

రేడియోథెరపీ విషయానికొస్తే గురువు అవసరం ఇంకా పెరుగుతుంది. చెడిపోయిన ఎక్స్‌రేను మళ్లీ తీయవచ్చు. ఇచ్చేసిన రేడియేషన్‌ను వెనక్కి తీసుకోలేం. కోనసీమ నుంచి ఈ చికిత్స కోసం జనం రాజమహేంద్రవరం, కాకినాడ, విశాఖ వైపు ప్రయాణం కడతారు. విశాఖ అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇక్కడి విద్యార్థి రేడియోథెరపీ నేర్చుకోవాలన్నా అటు వైపే చూడాలి.

గొంతు క్యాన్సర్ రోగికి చేసే చికిత్స ఎలా ఉంటుందో చూడండి. మొత్తం మోతాదు సుమారు 70 గ్రే. దాన్ని రోజుకు రెండేసి గ్రే చొప్పున, వారానికి ఐదు రోజులు, దాదాపు ఏడు వారాలు ఇస్తారు. ప్రతిరోజూ తల మిల్లీమీటర్ల తేడా లేకుండా అదే చోట ఉండాలి. అందుకోసం జల్లెడలాంటి ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి, చల్లారాక గట్టిపడే మాస్కు తయారుచేస్తారు. దాన్ని బల్లకు బిగిస్తే తల కదలదు. మూడు నాలుగు వారాలయ్యేసరికి నోరు పుండ్లు పడి రోగి సరిగా తినలేడు. బుగ్గలు లోపలికి పోతాయి, మాస్కు వదులవుతుంది. తెరమీద అంకెలన్నీ నిన్నటిలాగే ఉంటాయి. కానీ మాస్కు లోపల దవడ పక్కకు జరుగుతుంటుంది. ఆ వదులును వేలితో తాకి పసిగట్టి, ఫిజిసిస్టుకూ డాక్టరుకూ ‘ఈ రోజు ఆపి చూద్దాం సార్’ అని చెప్పగలిగే టెక్నాలజిస్టు కావాలి. వేలికి ఆ తెలివి రావాలంటే బాగా బిగిసిన మాస్కులను ఎన్నోసార్లు ముట్టుకుని ఉండాలి.

ఆ గదిలో పని పొద్దున్నే మొదలవుతుంది. రోగులు రాకముందే యంత్రం నుంచి వచ్చే మోతాదు నిన్నటితో సరిపోతోందా, గోడల మీంచి పడే లేజర్ గీతలు ఒకే బిందువు దగ్గర కలుస్తున్నాయా, తలుపు తెరిస్తే కిరణం ఆగుతోందా అని చూస్తారు. చికిత్స మొదలుపెట్టే ముందు గదిలో రోగి తప్ప ఎవరూ లేరని ఆఖరి మనిషి చుట్టూ చూసి బయటికి రావాలి. కోబాల్ట్ యంత్రమైతే ఇంకో జాగ్రత్త. కోబాల్ట్-60 కరెంటు పోయినా కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. పని పూర్తయ్యాక అది తన కవచంలోకి వెనక్కి వెళ్లకుండా ఇరుక్కుంటే ఏంచేయాలో గోడ మీద రాసి ఉంటుంది. రోగిని త్వరగా బయటికి తేవడం, కిరణం దారిలోకి వెళ్లకపోవడం, తలుపు మూసి సేఫ్టీ ఆఫీసర్‌ను పిలవడం. గోడ మీద చదివితే సరిపోదు, విద్యార్థుల చేత ఉత్తుత్తిగా పదేపదే చేయించాలి.

2000, 2001 సంవత్సరాల్లో పనామా దేశపు క్యాన్సర్ సంస్థలో 28 మంది రోగులకు అవసరానికి మించిన రేడియేషన్ పడింది. యంత్రం చెడిపోలేదు. అడ్డుపెట్టే సీసం దిమ్మల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతిని సిబ్బంది మార్చారు, కంప్యూటర్ తప్పు సమయాన్ని లెక్కకట్టింది, దాన్ని ఎవరూ చేత్తో సరిచూడలేదు. కొందరు రోగులు ప్రాణాలు కోల్పోయారు. మామూలుగా పట్టే సమయం కంటే ఎక్కువసేపు కిరణం నడుస్తుంటే ‘ఇదేంటి ఇంతసేపు?’ అనే అనుమానం బల్ల దగ్గరున్న మనిషికి రావాలి. వచ్చిన అనుమానాన్ని పైవాళ్లకు చెబితే తిట్టరన్న నమ్మకమూ ఉండాలి. ప్రశ్న అడిగిన విద్యార్థిని కసిరే డిపార్టుమెంటు ఆ అనుమానాన్ని మొగ్గలోనే చిదిమేస్తుంది.

ఇంగ్లండులోని హల్ నగరంలో రేడియోథెరపీ గదిని గోడంత తెరమీద నిలువెత్తుగా చూపించే ‘వర్ట్’ అనే శిక్షణ వ్యవస్థను తయారుచేశారు. విద్యార్థులు త్రీడీ అద్దాలు పెట్టుకుని, నిజమైన యంత్రానికి ఉండే మీటలతోనే అభ్యాసం చేస్తారు. అసలు యంత్రం రోజంతా రోగులతో కిటకిటలాడే మన దగ్గర అలాంటిది ఉంటే మంచిదే. మీటల మీద చేయి కుదురుతుంది, తొలి భయం పోతుంది. వదులైన మాస్కును మాత్రం తెర నేర్పలేదు.

అలాగే లంక గ్రామం నుంచి వచ్చే రోగి కష్టాన్నీ నేర్పలేదు. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే కొన్ని లంకలకు దారి మునిగిపోతుంది. పడవ ఆగితే ప్రయాణం ఆగుతుంది. గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు చికిత్స మధ్యలో రోజులు పోయి మొత్తం సాగిపోయే కొద్దీ ఫలితం తగ్గుతుంది. వరద వార్త రాగానే ‘ఈ వారం ఊరెళ్లకండి బాబాయ్, ఇక్కడే ఎక్కడైనా ఉండే ఏర్పాటు అడుగుదాం’ అని చెప్పి, డాక్టరు చెవిన వేసేది ఆ ఊళ్ల సంగతి తెలిసిన టెక్నాలజిస్టే. కోనసీమ పిల్లలు ఈ వృత్తిలోకి రావాలని నేను గట్టిగా కోరుకోవడానికి ఇదొక కారణం.

తెలుగునాట ఈ రంగానికి పెద్ద పేర్లు లేకపోలేదు. అమెరికాలో రేడియాలజిస్టుగా స్థిరపడి, తిరిగివచ్చి హైదరాబాద్ నిమ్స్‌కు తొలి డైరెక్టరైన డాక్టర్ కాకర్ల సుబ్బారావు, న్యూయార్క్‌లో రేడియేషన్ ఆంకాలజిస్టుగా పేరు తెచ్చుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు ఇద్దరూ కృష్ణా జిల్లా పల్లెల్లో పుట్టినవారే. డాక్టర్ల తరంలో అలాంటి గురువులు దొరికారు. టెక్నాలజిస్టులకు నేర్పే టెక్నాలజిస్టుల గురించి మనం ఇంకా ఆలోచించనే లేదు.

అమలాపురంలో కిమ్స్ వైద్య కళాశాల ఉంది, ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మంజూరైంది. ఇమేజింగ్ పోస్టింగులకు కావాల్సిన రోగులు కోనసీమలోనే ఉన్నారు. రేడియోథెరపీ కోసం రాజమహేంద్రవరం, విశాఖల్లోని ఆసుపత్రులతో ఒప్పందం చేసుకుని కనీసం కొన్ని నెలలపాటు, బస ఖర్చు కాలేజీయే పెట్టుకుని పంపవచ్చు. అన్నిటికంటే ముందు ప్రతి పోస్టింగు చోటా ఒక సీనియర్ టెక్నాలజిస్టును శిక్షకుడిగా పేరు పెట్టి నియమించాలి. రోజంతా క్యూలో ఉన్న రోగులను పంపించే మనిషినే, మిగిలిన సమయంలో పిల్లలకు నేర్పమంటే ఆయనకు మిగిలేది ఏమీ ఉండదు. ఆయనకు రోగుల సంఖ్య తగ్గించి, నేర్పే గంటలను డ్యూటీ చార్టులోనే రాసి, ఆ గంటలకు జీతం కట్టాలి.